పాత అప్లికేషన్‌ను మార్చేటప్పుడు ఉద్యోగుల నుంచి అవసరాలను ఎలా రాబట్టాలి?

ప్రశ్న

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక బీమా సంస్థలో బిజినెస్ అనలిస్టును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున కంప్యూటర్లన్నింటినీ విండోస్ 11కు మారుస్తూ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం ఎప్పుడో రాసిన క్లెయిముల అప్లికేషన్‌ను కూడా కొత్తగా రాయించాలని నిర్ణయించారు. అయితే ఏ విభాగానికి వెళ్లి అడిగినా, "ఇప్పుడున్నట్టే ఉంటే చాలండీ" అంటున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని అవసరాల పత్రం, అంటే కొత్త అప్లికేషన్ ఏమేం చేయాలో చెప్పే పత్రం, ఎలా రాయాలి?

సమాధానం 1

సమావేశాలు తగ్గించి, క్లెయిము చూసే ఉద్యోగి పక్కన, వీలైతే నెలాఖరులో, ఒక పూట కూర్చోండి. మేము అలా కూర్చున్న ఒక కార్యాలయంలో, రిమార్కుల గడిలో ముందుగా నక్షత్రం గుర్తు ఉంటే ఆ ఫైలును మేనేజరు చూడనిదే చెల్లింపునకు పంపరాదని అందరికీ తెలుసు. కానీ అది ఏ మాన్యువల్‌లోనూ లేదు, అడిగినప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. కొత్త వ్యవస్థలో అది ఆమోదపు దశగా రాకపోతే మొదటి వారంలోనే చెల్లింపులు గాడి తప్పేవి.

సమాధానం 2

అప్లికేషన్ చుట్టూ పుట్టుకొచ్చిన ఎక్సెల్ షీట్లను కూడా లెక్కలోకి తీసుకోండి. 2020 శరదృతువులో ఇంగ్లండులో ప్రయోగశాలల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించగా, 65,536 వరుసలకు మించి పట్టని ఆ ఫైళ్ల కారణంగా 15,841 కోవిడ్ కేసులు సకాలంలో నమోదు కాలేదు, ఆ రోగులను కలిసినవారిని గుర్తించడం ఆలస్యమైంది. అందుకే ప్రతి షీటునూ ఎవరు నింపుతారు, అది ఎవరి చేతికి వెళుతుంది, అది లేకపోతే ఏ పని ఆగుతుంది అని విడివిడిగా అడగండి.

సమాధానం 3

పక్కన కూర్చోవడం అవసరమే గానీ, అది ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. మార్చి ముగింపులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి పంపే నివేదికల వంటి ఏడాదికోసారి పనులు ఆ పూటలో కనిపించవు; వాటి కోసం అకౌంట్స్, ఆడిట్ విభాగాలను ముందే కలవండి. మరొక మాట. ఎడ్జ్ బ్రౌజరులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసినవాటిని నడిపే ఐఈ మోడ్‌కు కనీసం 2029 వరకు మద్దతు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పాత అప్లికేషన్ అందులో సక్రమంగా నడుస్తుందో లేదో పరీక్షించి, నడిస్తే కంప్యూటర్ల మార్పునూ అప్లికేషన్ మార్పునూ రెండు వేర్వేరు ప్రాజెక్టులుగా విడదీయమని పైవారిని గట్టిగా కోరండి. విండోస్ గడువు తరుముతుంటే అవసరాల సేకరణకే మొదట కోత పడుతుంది.