కు.ని. (కుటుంబ నియంత్రణ) క్యాంపులు: సుప్రీంకోర్టు తీర్పుతో ఒరిగిందేంటి?

కృష్ణవేణి_బి:
2012 జనవరి 7 రాత్రి బిహార్‌లోని అరారియా జిల్లాలో ఓ స్కూల్లో 53 మందికి రెండు గంటల్లో కు.ని. ఆపరేషన్లు చేశారు. బెంచీల మీద పడుకోబెట్టి, టార్చిలైట్ వెలుతురులో! దాని మీద ఆరోగ్య హక్కుల కార్యకర్త దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టుకెళ్లారు. ఇంతమందికి ఆపరేషన్ చేయించాలని టార్గెట్లు పెట్టొద్దని, మూడేళ్లలో క్యాంపులు ఎత్తేయాలని 2016లో తీర్పొచ్చింది. 2022 ఆగస్టులో మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి చేస్తే నలుగురు చనిపోయారు. ఇక తీర్పు దేనికి?

రమణమూర్తి:
ఇబ్రహీంపట్నంలో చేసింది సర్కారు దవాఖానలో. దాన్ని క్యాంపు అనరు.

కృష్ణవేణి_బి:
గోడలుంటే క్యాంపు కాదా?

రమణమూర్తి:
కాదు. స్కూలు వేరు, దవాఖాన వేరు. కోర్టులో మాట పట్టుకునే వాదిస్తారు.

కోర్టుపక్షి:
కేసుల వల్ల అసలేం రాలేదనకండి. నష్టపరిహారం, ఇన్సూరెన్స్ వచ్చాయంటే ఈ ఆపరేషన్ల మీదే నడిచిన రమాకాంత్ రాయ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల పుణ్యమే.

శ్రీను_కరీంనగర్:
పరిహారం చనిపోయాకే కదన్నా.

రమణమూర్తి:
మా అమ్మ ఏఎన్ఎంగా, అంటే ఊళ్లో సర్కారు నర్సుగా చేసింది. మార్చి వచ్చిందంటే టార్గెట్ టెన్షన్, రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. ఒకామెకు కుట్లు చీము పడితే ఊరంతా మా ఇంటి మీదికొచ్చింది. కోసిన డాక్టర్ జోలికి ఎవరూ పోలేదు, మెమో మా అమ్మకిచ్చారు. మీ కోర్టులూ అంతే, చివరికి బలయ్యేది కింది స్టాఫే.

కృష్ణవేణి_బి:
అదా మీ కోపం! మా వదినకి చేసినరోజు నేనున్నాను. చేతి మీద ప్లాస్టర్ ముక్క, దాని మీద 19 అని నంబర్. మత్తు దిగకముందే నేలమీద పరిచిన దుప్పటి మీదికి మార్చారు. మా అన్నని చేయించుకోమంటే "బరువులెత్తలేను" అన్నాడు.

రమణమూర్తి:
మీ అన్న చేయించుకోకపోతే దానికి కోర్టేం చేస్తుంది?

కృష్ణవేణి_బి:
ఏమీ చేయదు. కానీ మీ అమ్మగారి నెత్తిన టార్గెట్ పెట్టినవాళ్లది తప్పని ఆ తీర్పే చెప్పింది. మీరేమో క్యాంపా కాదా అని పట్టుకు వేలాడుతున్నారు.

రమణమూర్తి:
చెప్పింది, కాదనను. మా అమ్మ 2014లోనే రిటైరైంది.