ఫోటో ప్రదర్శనకు ప్రింట్లు, ఫ్రేముల విషయంలో సలహా కావాలి

నమస్తే, మాది కడప. రెండేళ్లుగా ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లను ఫోటోలు తీస్తున్నాను. పోయిన నెల మా ఊళ్లోనే ఒక చిన్న హాల్లో మొదటిసారి ఇరవై ఫోటోలు పెట్టాను, అన్నీ 12 బై 18 అంగుళాల సైజు, గ్లాసీ పేపరు మీద వేయించి మామూలు అద్దంతో ఫ్రేము కట్టించాను, అక్కడే తప్పు చేశాను. హాల్లో అన్నీ ట్యూబ్‌లైట్లే. ఫోటోలో ఉన్న ఒక పెద్దాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చి తన బొమ్మ ముందు నిలబడితే, ముఖం మీద అడ్డంగా తెల్లటి లైటు గీత. కాసేపు అటూ ఇటూ జరిగి చూసి, చివరికి చేత్తో లైటుకు అడ్డం పెట్టి "ఇదిగో, సుత్తి పట్టుకున్న చెయ్యి నాదే" అని ఆమెకు చూపించారు. ఇప్పటికీ అదే మనసులో తిరుగుతోంది.

ఇప్పుడు అనంతపురంలో ఇంకోచోట పెట్టే అవకాశం వచ్చింది. మ్యాట్ పేపరు మీద వేయించి అద్దం లేకుండా పెడితే ఆ మెరుపు పోతుంది, కానీ మన ఎండకీ దుమ్ముకీ ప్రింట్లు నిలుస్తాయా? నా కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే 6000 బై 4000 పిక్సెళ్లు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 20 అంగుళాల వెడల్పు దాకా ధైర్యంగా వేయించొచ్చు, 36 అంగుళాలకు వెళ్తే 167కు పడిపోతుంది, నాలుగడుగుల దూరంలో నిలబడి చూసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుందా?

ఇంకో మాట, ఒకాయన ధర అడిగితే నాకు నోరు పెగల్లేదు. ఖర్చు మీద ఎంత వేసుకోవాలి? అమ్ముడైతే ఫోటోలో ఉన్న మనిషికి వాటా ఎవరైనా ఇస్తున్నారా, నాకైతే ఇవ్వాలనే ఉంది. అనుభవం ఉన్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి, పది రోజుల్లో ప్రింట్లకు ఇచ్చేయాలి.