ఒత్తిడికి ఆన్‌లైన్ కౌన్సెలింగ్: ఎదురుగా కూర్చోకుండా మనసు విప్పగలమా?

గట్టుమీది_రావి:
మా చెల్లెలికి పెళ్లై ఏడాది కావస్తోంది. రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేది. ఉద్యోగం మానేసి హైదరాబాద్ కాపురానికి వెళ్లింది. మా బావ మంచివాడే, అత్తమామలూ చెడ్డవాళ్లేమీ కాదు. అయినా దానికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఏడుస్తోంది. ఇప్పుడేదో యాప్‌లో వీడియో కౌన్సెలింగ్ తీసుకుంటానంటే నేను ససేమిరా వద్దన్నాను. మనిషి ఎదురుగా కూర్చుంటే వేళ్లు నలుపుకోవడం, కాలు ఆడించడం, మాట మధ్యలో తల దించుకోవడం కనబడతాయి. ఫోనులో మెడ దాకా కనిపించే మనిషిని చూసి ఎవరు ఏం పోల్చుకుంటారు? అయినా పెళ్లి, కొత్త ఊరు, ఉద్యోగం మానుకోవడం ఎవరికి తప్పాయి? మా అమ్మ ఇవన్నీ దాటుకునే వచ్చింది. మీరేమంటారు?

సెల్లార్_పార్కింగ్:
మీ అమ్మగారు దాటుకొచ్చారు, సరే. ఎలా దాటారో ఎప్పుడైనా అడిగారా?

ఉద్యోగం పోయిన కాలంలో నేను ఆన్‌లైన్‌లోనే మాట్లాడాను. ఇంట్లో రెండే గదులు, ఐదుగురం మనుషులం. అందుకని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారులో కూర్చునేవాణ్ని. అక్కడ సిగ్నల్ అంతంత మాత్రం. ‘ఆ రోజు మేనేజర్ పిలిచి’ అని నేను గొంతు పెగల్చుకునేసరికి అవతలి ఆవిడ ముఖం తెర మీద బిగుసుకుపోయేది. కారు గేటు దగ్గరకు తెచ్చుకుంటే వాచ్‌మన్ అద్దం తట్టి ‘ఎవరి కోసమైనా చూస్తున్నారా సార్?’ అనేవాడు. ఇన్ని అవస్థలు పడుతూ కూడా మానలేదంటే నాకు అక్కరకొచ్చిందేదో ఉందనే కదా. పడుకోగానే ఈఎంఐలు, స్కూలు ఫీజుల లెక్కలు మొదలయ్యేవి. ఆ దిగులును సాయంత్రం అరగంటకు మార్చుకోమంది ఆవిడ. మనసులో ఉన్నదంతా కాగితం మీద రాసి, అరగంట కాగానే మడిచి సొరుగులో పెట్టమంది. వినడానికి చాలా చిన్న సంగతి. నాకు మాత్రం నిద్ర తిరిగొచ్చింది.

ఎదురుగా కూర్చోవాలంటే కొంపల్లి నుంచి బంజారాహిల్స్ వెళ్లాలి. రానూపోనూ ఒక పూట పోతుంది. ఇంట్లో ఏమని చెప్పి వెళ్లాలి? ఈ వైద్యం పేరెత్తితే ‘ఎర్రగడ్డ’ అని నవ్వేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు.

చినవాల్తేరు_వాసి:
మీకు ఎర్రగడ్డ ఎలాగో మాకు చినవాల్తేరు అలాగ. అక్కడ ఆసుపత్రే కాదు, ఇళ్లు కూడా ఉన్నాయని చెప్పి చెప్పి విసిగిపోయాను.

నేను రావి గారి వైపే, కాకపోతే నా కారణాలు వేరు. మొదటిది ఈ యాప్‌ల వ్యాపారం. అమెరికాలో బెటర్‌హెల్ప్ అని ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో పెద్ద పేరున్న సంస్థ ఉంది. గోప్యంగా ఉంచుతామని మాటిచ్చిన వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి సంస్థలకు అందించిందన్న అభియోగం మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో దానితో 78 లక్షల డాలర్లు కట్టించింది. కుంగిపోయి ఉన్నప్పుడు నింపిన ప్రశ్నావళి ఎవరి చేతికి పోతుందో తెలియదంటే ఇక మనసు విప్పేదెలా?

రెండోది అసలైనది. నిన్నటి దాకా నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పిన అమ్మాయి ఇవాళ వంటింట్లో కూర్చుంటే ఏడవకుండా ఉంటుందా? ఆ అమ్మాయికి కావలసింది ఉద్యోగం. ఇంటిల్లిపాదీ మారవలసిన చోట ఆమె ఒక్కతే మారాలని ఈ కౌన్సెలింగ్ చెబుతుంది. నిదానంగా ఊపిరి పీల్చి వదలడం నేర్చుకుంటే అత్తగారు కాలేజీకి పంపిస్తారా?

మాటే_పని:
నేను క్లినికల్ సైకాలజిస్టుని, కాబట్టి ఇందులో నా స్వార్థం ఉందని గుర్తుపెట్టుకునే చదవండి.

చినవాల్తేరు గారూ, సర్దుకుపొమ్మని చెప్పేది కౌన్సెలింగ్ కాదు, పక్కింటి పిన్ని సలహా. తెలిసినవారైతే ఉద్యోగం సంగతికే వస్తారు. ఇంట్లో ఆ మాట ఎప్పుడు ఎత్తాలి, ఎవరితో ముందు చెప్పాలి, కాదంటే ఏమనాలి అని ఆమె చేతనే అనిపించి చూస్తారు.

రావి గారూ, వేళ్లు కనబడవన్నది నిజమే. అయితే ఆందోళన, ఓ మోస్తరు కుంగుబాటు విషయంలో ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే సీబీటీ చికిత్స వీడియోలో ఇచ్చినా ఎదురుగా ఇచ్చినా ఫలితంలో పెద్ద తేడా ఉండదనే చాలా అధ్యయనాలు తేల్చాయి. తెర చాలని సందర్భాలు వేరే ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా, ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నా నేరుగా మనిషిని కలవాలి.

నన్నడిగితే తెర కంటే తెర వెనుక ఎవరున్నారన్నదే పెద్ద ప్రశ్న. కౌన్సెలర్ అని పేరు పక్కన రాసుకోవడానికి మన దేశంలో ఏళ్ల తరబడి అడ్డూ ఆపూ లేదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడగండి, మండలి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మేం మందులు రాయము. అది సైకియాట్రిస్టు పని, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని పరిమితులతో వారు ఆన్‌లైన్‌లోనూ రాయవచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు.

ఇంకో గుర్తు చెబుతాను. ఇప్పుడు ఎక్కడున్నారు, గదిలో ఇంకెవరైనా ఉన్నారా, అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలి అని మొదటి రోజే అడగాలి. అడగనివారి దగ్గర రెండోసారి కూర్చోవద్దు.

ఇర్వింగ్_కోడలు:
మీకు ఎంచుకోవడానికైనా మనుషులున్నారు. నేను హెచ్4 వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, అమెరికాలోని టెక్సస్ వచ్చాను. వచ్చిన కొత్తలో నాదీ మీ చెల్లెలి పరిస్థితే. హైదరాబాద్‌లో ఒకావిడ దగ్గర ఆన్‌లైన్‌లో మాట్లాడదామనుకుంటే ఆవిడే వద్దన్నారు. ఇక్కడ మనం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో పనిచేసే అనుమతి వారికి ఉండాలట. సరేనని ఊళ్లోనే ఒక అమెరికన్ ఆవిడను ఎదురుగా కూర్చునే కలిశాను. ఎంతో ఓపిక ఆవిడకు. కానీ మరిది పెళ్లికి మేమెందుకు డబ్బు పంపాలో, పంపకపోతే మా ఆయనకు ఎందుకు ముద్ద దిగదో చెప్పడానికే గంట గడిచిపోయేది. ‘కుదరదని చెప్పెయ్యకూడదా?’ అనేది పాపం.

చివరికి హ్యూస్టన్‌లో తెలుగావిడ దొరికారు. మా ఊరి నుంచి కారులో నాలుగు గంటల దారి. వీడియో లేకపోతే ఆవిడ నాకు ఉన్నట్టా, లేనట్టా?

గట్టుమీది_రావి:
ఇర్వింగ్ గారి మాట ఆలోచింపజేసింది. ఐతే మా చెల్లెలికి సెల్లార్ కూడా లేదు, కారు బావ ఆఫీసుకు తీసుకెళతాడు. హాల్లో వాళ్ల అత్తగారు సీరియల్ చూస్తూ ఉంటారు. పడకగది తలుపు పగలు వేసుకుంటే ‘ఒంట్లో బాగాలేదా?’ అని అడుగుతారు. పైగా గంటకు వెయ్యికి పైనే చెబుతున్నారు, దాని చేతిలో ఇప్పుడు జీతం లేదు.

సెల్లార్_పార్కింగ్:
డాబా మీద బట్టలు ఆరేసే వేళ. వీడియో ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడుస్తూ మాట్లాడమనండి. చూసేవాళ్లకు పుట్టింటి వాళ్లతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

డబ్బు పెట్టకుండా ముందు ఒకసారి మాట్లాడి చూడాలంటే 14416కు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి-మానస్ అది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు.

చినవాల్తేరు_వాసి:
దానికి నాకూ అభ్యంతరం లేదు. కాకపోతే ప్రతిసారీ ఒకే మనిషి ఎత్తుతారన్న భరోసా ఉండదు. చెప్పిన కథే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఇంతమందిమి ఇంత రాశాం, ఆ అమ్మాయి ఏ సబ్జెక్టు చెప్పేదో ఒక్కరూ అడగలేదు. హైదరాబాద్‌లో కాలేజీలకు కరువా?

గట్టుమీది_రావి:
బోటనీ. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ కూడా పాసైంది. బావతో ఉద్యోగం మాట నేనే ఎత్తుతాను, ఆదివారం వస్తున్నాడు.

మాటే_పని గారూ, ఆర్‌సీఐ నంబరు అడిగితే వాళ్లు చిన్నబుచ్చుకోరు కదా?

మాటే_పని:
అడగండి. చిన్నబుచ్చుకుంటే మరొకరిని చూసుకోండి. ఉద్యోగం మాట ఎత్తే ముందు మాత్రం మీ చెల్లెలిని ఒకసారి అడగండి, ఆ మాట మీరు ఎత్తాలని ఆమెకు ఉందో లేదో.