ఇంట్లో గాత్రం రికార్డు చేయడానికి ఏ మైక్రోఫోన్ తగినది?

ప్రశ్న:
నమస్కారం. మా అమ్మమ్మ పాడే మంగళహారతులను, పెళ్ళిపాటలను ఇంట్లోనే రికార్డు చేసి భద్రపరచాలని అనుకుంటున్నాను. దుకాణంలో డైనమిక్, కండెన్సర్ అనే రెండు రకాల మైకులు చూపించి, డైనమిక్ పాతకాలపుదనీ కండెన్సరే మేలనీ చెప్పారు. ఇది ఎంతవరకు నిజం? మా గది వీధివైపు ఉంది, ఫ్యాను ఆపడం కూడా కుదరదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
పాతది, కొత్తది అన్న ఆ విభజనే సరైనది కాదండీ. అన్నిటికంటే ముందు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది కార్బన్ మైక్రోఫోన్. 1870ల చివరలో ఎడిసన్, బెర్లినర్, హ్యూస్ అనే ఆవిష్కర్తలు దాదాపు ఒకే కాలంలో దీనిపై పనిచేశారు. మాట తాకిడికి పలుచని రేకు కదిలి కార్బన్‌ను నొక్కినప్పుడల్లా దాని నిరోధం మారి, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఆ మాటకు అనుగుణంగా హెచ్చుతగ్గులవుతుంది. యాంప్లిఫయర్లు లేని రోజుల్లో ఇంత బలమైన సంకేతాన్ని ఇవ్వగలగడమే దాని గొప్పతనం. అందుకే బరబర శబ్దం ఉన్నా టెలిఫోన్లలో దశాబ్దాల పాటు నిలిచింది.

టెలిఫోన్ పరికరాలు తయారుచేసిన అమెరికా సంస్థ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన వెంటీ అనే ఇంజనీరు 1916లో కండెన్సర్ మైక్రోఫోన్‌ను రూపొందించారు. బిగించిన పొరకూ దాని వెనుక పలకకూ మధ్య దూరం మారితే కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలువ ఉంచుకునే సామర్థ్యం, మారుతుంది. దాని నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం కనుక, దాన్ని పెంచే వాక్యూమ్ ట్యూబు తోడు లేనిదే అది పనికివచ్చేది కాదు. అదే వెంటీ, థురాస్‌తో కలిసి తయారుచేసిన డైనమిక్ మైక్రోఫోన్ 1931లో మార్కెట్లోకి వచ్చింది. ఇందులో పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదిలి తానే విద్యుత్తును పుట్టిస్తుంది. అంటే వాడుకలో కండెన్సరే ముందుది!

రెండవ జవాబు:
పై వివరణకు ఒక్క మాట చేరుస్తాను. కండెన్సర్ పొర అతి తేలికైనది కనుక గమకాల్లోని సన్నని కదలికలను చక్కగా పట్టుకుంటుంది, కానీ మీ గదిలో ఫ్యానునూ వీధిలోని హారన్లనూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. పైగా స్టూడియో రకం కండెన్సర్లకు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే అందే విద్యుత్తు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పరికరం, కావాలి. మీ పరిస్థితిలో నేనైతే నిస్సందేహంగా కార్డియాయిడ్ డైనమిక్ తీసుకుంటాను. అది ముందువైపు శబ్దాన్ని బాగా తీసుకుని వెనుకవైపు శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది కనుక, దాని వీపు కిటికీ వైపు ఉండేలా అమర్చండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. అమ్మమ్మ తొడమీద తాళం వేస్తూ, అటూ ఇటూ కదులుతూ పాడుతుంది. మైకు ఎంత దూరంలో ఉంచాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు:
నోటికి జానెడు దూరం చాలు. మరీ దగ్గరైతే మంద్రస్వరం ఉన్నదానికంటే బరువుగా వినిపిస్తుంది. కార్డియాయిడ్ మైకులకు అది సహజం. ఆవిడ చాప మీద కూర్చుంటే స్టాండును ఆ చాపకు తగలకుండా పక్కన నిలపండి, లేకపోతే తాళం దెబ్బలు నేల గుండా మైకులోకి చేరతాయి. ప, భ అక్షరాల దగ్గర గాలి నేరుగా తగిలి టప్పుమనకుండా, మైకును పెదవుల ఎదురుగా కాక కాస్త పక్కకు పెట్టి, నోటి వైపు వాల్చండి.