బోరు నీళ్ల కొలతలన్నీ ఒకే బొమ్మలో చూపేదెలా?

ప్రశ్న: నల్గొండ బోరు నీళ్ల నమూనాలున్నాయి. ఒక్కో దానికి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్, ఫ్లోరైడ్ కొలిచాను. త్రీడీ గ్రాఫ్ గీస్తే చుక్కలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి.

జవాబు: త్రీడీ వదిలెయ్ తమ్ముడూ. 1944లో పైపర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన పటం గీయి. ఎడమ త్రిభుజంలో ధన అయాన్లు (కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం), కుడివైపు త్రిభుజంలో రుణ అయాన్లు (క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్), పైన వజ్రాకారంలో రెండూ కలుస్తాయి. ముందు మిల్లీగ్రాముల్ని మిల్లీ ఈక్వివలెంట్లలోకి (బరువు బదులు అయాన్ల ఆవేశం లెక్కన చెప్పే కొలతలోకి) మార్చు. కాల్షియంని 20తో, సోడియంని 23తో భాగించాలి.

ప్రశ్న: మరి ఫ్లోరైడ్ ఎక్కడ అన్నా?

ఇంకో జవాబు: పైపర్‌లో దానికి చోటు లేదండీ. చుక్క రంగుతో చూపండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ముదురు ఎరుపు. కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది కాబట్టి, ఎర్ర చుక్కలు తరచూ వజ్రం కింది మూలకి, సోడియం బైకార్బొనేట్ వైపు చేరతాయి. అది కనపడ్డప్పుడు భలే ఉంటుంది!

జవాబు: పైపర్ శాతాలే చూపిస్తుంది, మొత్తం ఎంతుందో చెప్పదు తమ్ముడూ. అందుకే చుక్క సైజు టీడీఎస్‌కి (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాలకి) ఇవ్వు.