ఒడియా డాక్టరు మాటని తెలుగు రోగికి మార్చి చెప్పొచ్చా? అస్తిత్వవాద చికిత్సపై చర్చ

వంశధార గట్టు (కాశీనగరం): మా పెదనాన్నకి ఊపిరితిత్తుల కేన్సర్, నాలుగో దశ. బరంపురంలో డాక్టరుగారు ఒడియాలో చెప్తారు. పెదనాన్న కొడుకే, మా అన్నయ్య, దాన్ని "నిమ్ము చేరింది, మందులకి తగ్గిపోతుంది" అని తెలుగులో పెదనాన్నకి చెప్తాడు. ఇప్పుడు ఒక కౌన్సెలరుగారు అస్తిత్వవాద పద్ధతిలో, అంటే బతుకు అర్థం, చావు లాంటి ప్రశ్నల్ని దాటెయ్యకుండా, ఆయనతో మాట్లాడతానంటున్నారు. అందులో చావు ప్రస్తావన తప్పదట. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. మీరేమంటారు?

మజ్జిగౌరి గుడివీధి (రాయగడ): వద్దమ్మా. మా మేనమామకి జబ్బు పేరు చెప్పిన రోజే అన్నం మానేశాడు. పొలం అమ్మాలన్నా పిల్ల పెళ్ళి చేయాలన్నా మనం ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుంటాం. ఇంత బరువు మాత్రం ముసలాయన ఒక్కడి నెత్తిన పెడతామా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): కేన్సర్ రోగుల దగ్గర పనిచేసే నర్సుని నేను. బరువు ఇప్పటికే ఆయన నెత్తిన ఉందండీ, పంచుకునే మనిషే లేడు. అమెరికా మానసిక వైద్యుడు ఇర్విన్ యాలమ్ ఈ చికిత్స మీద 1980లో రాసిన పుస్తకంలో మనిషిని లోపల కలవరపెట్టేవి నాలుగంటాడు: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. మంచం చుట్టూ పదిమంది ఉండి ఒక్కరూ నిజం మాట్లాడకపోతే, చావుభయానికి ఒంటరితనం కూడా తోడవుతుంది.

ఈ పద్ధతిలో కౌన్సెలరు వచ్చి "మీరు బతకరు" అని చెప్పరు. "మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడుగుతారు. వద్దంటే అక్కడే ఆగుతారు, ఎందుకంటే తెలుసుకోకపోవడం కూడా ఆయన ఎంచుకున్నదే. తర్వాత బతుకు గురించే మాటలు: ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు, ఎవరికేం ఇచ్చారు, ఇంకా చెప్పాల్సిన మాట ఏదైనా ఉండిపోయిందా. నాజీ శిబిరాల నుంచి బయటపడ్డ వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ ఆలోచనల ఆధారంగా న్యూయార్కులో మానసిక వైద్యుడు బ్రైట్‌బార్ట్ బృందం దీన్ని ఎనిమిది విడతల కార్యక్రమంగా చేసింది. ముదిరిన కేన్సర్ ఉన్న 253 మందితో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. మామూలు ఓదార్పు బృందాల్లో ఉన్నవాళ్ళకంటే వీళ్ళలో దిగులు, నిరాశ తగ్గాయి.

మజ్జిగౌరి గుడివీధి: అందులో చేరినవాళ్ళు తమ జబ్బు తెలిసే చేరారు కదా? దాచిన ఇంట్లో చెప్తే మేలని దాంతో ఎలా తేలుతుంది?

మహేంద్రతనయ: నిజమే, తేలదు. అందుకే మొదట అడగమంటున్నాను, చెప్పమనడం లేదు. ఒక్కటి మాత్రం ఖాయం. కొడుకే మధ్యలో మాట మారుస్తుంటే ఏ చికిత్సా సాగదు. కౌన్సెలరుకి తెలుగు రాకపోతే, తెలుగొచ్చిన సిస్టర్ని కూర్చోబెట్టండి, చుట్టాన్ని కాదు. ఇంతకీ పెదనాన్నగారికి ఒడియా బొత్తిగా రాదా?

వంశధార గట్టు: కొంచెం అర్థమవుతుంది, సంతల్లో చీరలమ్మిన మనిషి. మొన్న నన్ను పక్కకి పిలిచి, "డాక్టరు చెప్పేదీ మీ అన్న చెప్పేదీ ఒకటేనా?" అని అడిగారు. నేనేమీ అనలేకపోయాను.

మజ్జిగౌరి గుడివీధి: ఆయనే అడిగితే నేనింక అడ్డుచెప్పను. కానీ మీ అన్నయ్య ఆ గదిలో ఉండాలి. బయట నిలబెడితే అతను జన్మంతా కుములుతాడు.

మహేంద్రతనయ: ఉండనివ్వండి, మాట మాత్రం సిస్టర్ చెప్పాలి. అంతకుముందు కౌన్సెలరు అన్నయ్యతో విడిగా ఒకసారి కూర్చోవాలి. తండ్రి పోతాడన్న భయం అతనిదీ కదా. ఆయాసం పెరిగితే పెదనాన్న మాట్లాడలేరు, ఈ వారమే అడగండి.