ఒకే మనిషికి మూడు జిల్లాలు: నాటాల్ వెళ్లిన ముత్తాత ఊరు ఏది?

వంశధార ఒడ్డు:
దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్న మా బంధువుల కోసం, అప్పటి నాటాల్‌కు ఓడలో కూలికి వెళ్లిన వాళ్ల ముత్తాత ఊరు వెతుకుతున్నాం. మూడు కాగితాలున్నాయి, మూడూ మూడు రకాలు. 1891 ఓడ జాబితాలో జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఊరు ‘కొటపెట్టా’. 1943 మరణ పత్రంలో పుట్టిన చోటు విజగపటం, అంతే. ఇక్కడున్న ఆయన తమ్ముడి కొడుకు 1956లో డర్బన్‌కు పంపిన కవరు మీద కొత్తపేట, వయా టెక్కలి, శ్రీకాకుళం జిల్లా. గంజాం అంటే ఒడిశాలో వెతకాలా?

పాతకాగితం:
ఒడిశా జోలికి వెళ్లకండి. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడేదాకా చికాకోల్, టెక్కలి రెండూ గంజాం జిల్లాలోనే ఉండేవి. అప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి, కాగితంలోని విజగపటం అదే. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. మీ మూడు తేదీలనూ వీటి పక్కన పెట్టి చూడండి, ఏ కాగితమూ తప్పు చెప్పడం లేదు. 1910 నాటి పత్రంలో చికాకోల్ విజగపటం జిల్లా అని ఉంటే అప్పుడు అనుమానించాలి.

మరణ పత్రం ఎలాగూ బలహీన సాక్ష్యం. అందులో వివరాలు చెప్పేది పోయిన మనిషి కాదు, కొడుకో పొరుగువాడో. మీకు తేలాల్సింది జిల్లా కాదు, తాలూకా.

అడంగల్:
‘వయా టెక్కలి’ తపాలా దారి మాత్రమే. సరిహద్దు ఊళ్లకు పక్క తాలూకా పోస్టాఫీసు నుంచి ఉత్తరాలు రావడం మామూలే. తపాలా బిళ్ల మీద పడ్డ ముద్ర చదవండి. పోస్టు చేసిన చోటు అందులో దొరుకుతుంది.

ఓడ జాబితా మీరు డేటాబేస్‌లో చూశారా, అసలు పేజీ చూశారా? పేజీ ఫొటో సంపాదించండి. క్వాజులు-నాటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌ను అడగండి, ఓడ పేరు, కలోనియల్ నంబరు (జాబితాలో ఒక్కో కూలీకి ఇచ్చిన సంఖ్య) ఇవ్వండి. గుమాస్తా తాలూకా ఒకసారి రాసి కిందంతా డిట్టోలు పెడితే, డేటాబేస్‌లోకి ఎక్కించేవాళ్లు ఒక వరుస జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే పైన పది వరుసలు, కింద పది వరుసలు కూడా చదవండి. ఒక ఊరివాళ్లు కలిసి బయల్దేరి ఉంటే నంబర్లు పక్కపక్కనే పడతాయి. అదే ఊరి పేరు పక్క మనిషి దగ్గర ఇంకాస్త తెలిసేలా ఉండొచ్చు. ‘కొటపెట్టా’ కొత్తపేటే అని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు, కోటపేట కూడా కావచ్చు.

వంశధార ఒడ్డు:
డేటాబేస్‌లోనే చూశాం. తండ్రి పేరుంది, ఇంటిపేరు లేదు. కొత్తపేటలేమో చాలా ఉన్నాయి.

అడంగల్:
ఓడ జాబితాలో ఇంటిపేరు ఆశించకండి. 1956 ఉత్తరం కింద సంతకంలో పొడి అక్షరమైనా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. తర్వాత 1951 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో శ్రీకాకుళం, టెక్కలి తాలూకాల గ్రామాల పట్టీ తీసి, ఆ పేరున్న ఊళ్లన్నీ రాసుకోండి. శివారు గ్రామాలు పట్టీలో విడిగా కనబడవు, పాత సర్వే మ్యాపులో వెతకాలి.

అలా రాసుకున్న ఊళ్లకు తహసీల్దారు ఆఫీసులో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) నకలు అడగండి. జమీందారీ గ్రామాలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన రికార్డు అది, తమ్ముడి తరం పేర్లు అందులో పడే వీలుంది. పేరు లేనంత మాత్రాన ఆ ఊరు కాదని కొట్టేయకండి. కూలికి వెళ్లిన కుటుంబానికి సెంటు భూమి ఉందని ఎవరన్నారు?

పాతకాగితం:
వంశవృక్షంలో రాసేటప్పుడు కాగితంలో ఉన్న స్పెల్లింగు, తేదీ ఉన్నవి ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి ఊరు, మండలం, జిల్లా ఇంకో గడిలో పెట్టండి. మండలాలు 1985లో వచ్చాయి, కాబట్టి 1891 వరుసలో మండలం పేరు రాయొద్దు. ఊరు తేలేదాకా ‘చికాకోల్ తాలూకా’ దగ్గరే ఆపండి.